టీచరమ్మ పొడి

మా అక్కకు నేను నాలుగేళ్లు పొడి తినిపించాను. ప్రతి ఆదివారం పొద్దున్నే స్టీలు డబ్బాలు సంచిలో పెట్టుకుని, షోలాపూర్ అశోక్ చౌక్‌లో బస్సెక్కి, కుంభారి కాలనీలో దిగేదాన్ని. అక్క బీడీలు చుట్టే మనిషి. నేను పాత ఊళ్లో, జోడ్‌భావి పేట్ పక్కన, ఒక తెలుగు బడిలో సైన్సు చెప్పే మనిషిని. చదువుకున్న చెల్లెలు తెచ్చింది కాబట్టి అది మందే అయి ఉంటుందని అక్క నమ్మింది. అలా నమ్మాలనే నేనూ తెచ్చాను. ఇప్పుడు ఇది రాద్దామని కూర్చున్నా కుదురు లేదు. రెండు వాక్యాలు రాసి లేస్తున్నాను, వంటింట్లోకి పోతున్నాను, ఎందుకు వెళ్లానో గుర్తురాక మళ్లీ వచ్చి కూర్చుంటున్నాను.

పొడిలో వింత ఏమీ లేదు. జవస్ అని ఇక్కడ అందరం పిలిచే అవిసె గింజలు, దోరగా వేయించినవి. నువ్వులు, మునగాకు, ఎండబెట్టిన కరివేపాకు, కాస్త మిరపకాయ. కూరలో వేసేదానికి నాలుగింతలు పసుపు. పసుపు ఒంటికి పట్టాలంటే మిరియాలు తోడుండాలని చదివాను కనుక మిరియాలు. షోలాపూర్‌లో జవస్ చట్నీ దంచని ఇల్లు ఉండదు. జొన్నరొట్టె, దాని మీద చట్నీ, పైన నూనె చుక్క, అంతే భోజనం. నేను కొత్తగా చేసిందల్లా దానికి సైన్సు తాలింపు పెట్టడమే.

ఎందుకు పెట్టానంటే, మా అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. గడ్డ ఉందని ఏడాది దాకా ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి ఎముకల్లోకి దిగిపోయింది. ఆమె పోయి పదకొండేళ్లు. ఆ తర్వాత నాకు ఒకచోట కూర్చోవడం చేతకాకుండా పోయింది. చేతికి ఏదో ఒక పని కావాలి, లేకపోతే చెయ్యి దానంతటదే చంకలోకి వెళ్లి గడ్డ కోసం వెతుకుతుంది. వెతికేలోపే భయపడి వెనక్కి లాక్కునేదాన్ని. అలాంటి రోజుల్లో ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. పసుపులోని పచ్చటి పదార్థం గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాలను పెరగనివ్వలేదని ఒకచోట ఉంది. అవిసెల్లో ఉన్నది ఒంట్లోకి పోయి ఆడవాళ్ల హార్మోన్ కుర్చీలో తాను కూర్చుంటుందని ఇంకోచోట. క్యాబేజీ, సోయా, గ్రీన్ టీ, దానిమ్మ, ఒక్కోదానికీ ఒక్కో సుగుణం.

గాజు పళ్లెం అన్న మాట నాకు కనిపించలేదా అంటే, కనిపించింది. గాజు పళ్లెంలో జరిగింది మనిషి ఒంట్లో జరుగుతుందని రాసే పిల్లవాడికి నేనే సున్నా వేస్తాను. పసుపు కడుపులోకి పోయినంత మాత్రాన రక్తంలోకి పోదని, పోయినా నిలవదని ఆ పక్క పేరాలోనే రాసి ఉంది. ఆ పేరా మీదుగా నా కళ్లు, తడి నేల మీద నడిచినట్టు, గబగబా దాటిపోయేవి.

మా ఆయన మాత్రం దాటలేదు. ఆయనది నూలుకు రంగులద్దే చిన్న కార్ఖానా. తువ్వాళ్ల నూలు. నేను రోట్లో దంచుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడి అనేవాడు, "కడాయిల రంగు ఎంత చిక్కగుంటె ఏం ఫాయిద? నూలు పట్టాలె గద. పసుపు పక్కా రంగు కాదు టీచరమ్మా. రెండు దినాలు ఎండల ఏస్తె ఎగిరిపోతది."

"మీ నూలుకు ప్రాణం లేదు. మనిషి ఒళ్లు వేరే," అన్నాను కోపంగా.

"అందుకే అంటున్న. నూలునే నమ్మతందుకు లేదు, మనిషి ఒళ్లును ఏం నమ్ముతవ్?"

నేను రోకలి ఇంకా గట్టిగా వేశాను.

కాలనీలో అక్క ఉండే వరసలో అన్నీ బీడీలు చుట్టే ఇళ్లే. మా కరీంనగర్ వైపు నుంచి తాతల నాడు వచ్చిన పద్మశాలీలే ఎక్కువ. మగవాళ్లు మగ్గాల షిఫ్టుకు పోతే, ఆడవాళ్లు చేటలు పట్టుకుని గుమ్మాల్లో కూర్చుంటారు. అక్క తన డబ్బాలోంచి ఒకామెకు రెండు చెంచాలు పెట్టింది, ఆమె ఇంకొకామెకు చెప్పింది. ఏడాది తిరిగేసరికి నేను ఆదివారానికి పది డబ్బాలు మోస్తున్నాను. దానికి పేరు కూడా వాళ్లే పెట్టారు, టీచరమ్మ పొడి. బస్సు దిగి నడుస్తుంటే గుమ్మాల్లోంచి చేతులు ఊపేవాళ్లు. నాకు బాగుండేది. అమ్మకు చేయలేకపోయింది ఇంతమందికి చేస్తున్నానని గర్వంగా ఉండేది. ఆ గర్వం వల్లే అక్కను ఒక్కసారి కూడా, పరీక్ష చేయించుకున్నావా అని అడగలేదు. అడిగితే ఆమె నన్ను తిరిగి అడుగుతుంది. నేను చేయించుకోలేదు.

శివరాత్రి వెళ్లిన ఆదివారం అది. నేను వెళ్లేసరికి అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. నానబెట్టిన తునికాకు కత్తిరించి కుప్ప వేసుకుంది. ఒళ్లో తంబాకు చేట. ఎదురింటామె కూడా తన చేట తెచ్చుకుని పక్కనే కూర్చుంది. ఇద్దరూ తలెత్తకుండానే నన్ను పలకరించారు. వేళ్లు మాత్రం ఆగవు. ఆకు, చిటికెడు తంబాకు, చుట్ట, మొన మడత, దారం.

బీడీ చుట్టేవాళ్లు ముందుకు వంగి కూర్చుంటారు. చేట అంచు రొమ్ము కింద ఆనుకుని ఉంటుంది. పదేళ్ల వయసు నుంచి అలా కూర్చున్న ఒళ్లు అవి. ఆ రోజు అక్క చేట అంచుకూ ఒంటికీ మధ్య తువ్వాలు మడిచి పెట్టుకుంది. జాకెట్టు మీద ఎడమ పక్క ఎర్రటి మరక.

"ఏందక్కా అది, తువ్వాల ఎందుకు పెట్టుకున్నవ్?"

"చేట ఒత్తుతున్నది. గడ్డ గట్టింది జర. పసుపు-సున్నం పట్టేసిన."

నా చేతిలో సంచి ఉంది. దాన్ని కింద పెట్టడం మర్చిపోయాను.

ఎదురింటామె నన్ను చూసి నవ్వింది. "టీచరమ్మా, ఫికర్ నకో. చేట పట్టుకునేటోళ్లకు అందరికి అయితది. మా అత్తకయ్యుండె, మా ఆడిబిడ్డకయ్యుండె. పట్టేస్తె కరుగుతది."

"ఎన్ని రోజులాయె?" అని అక్కనే అడిగాను.

"దసర ముంగట."

వేళ్ల మీద లెక్కపెట్టాను. ఐదు నెలలు. ప్రతి ఆదివారం నేను వచ్చాను, డబ్బా ఇచ్చాను, చాయ్ తాగాను, పోయాను. ఐదు నెలలు ఆమె ఆ గడ్డ మీద చీర కప్పుకుని నాతో మాట్లాడింది.

"నాకెందుకు చెప్పలే?" గొంతు అప్పటికే పెరిగింది.

"చెప్తే ఏం జేస్తవ్? ఇంకో డబ్బ పొడి తెస్తవ్." నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపి, చాలా మెల్లగా, చిన్నపిల్లను ఊరుకోబెట్టినట్టు అంది, "నాకేం గాదే. అమ్మకైతె ఈ పొడి లేకుండె. నాకు నువ్వున్నవ్ గద."

ఆ మాట నన్ను కొట్టినంతగా నా జీవితంలో ఏ దెబ్బా కొట్టలేదు.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. అక్క ఒళ్లోంచి చేట లాగేశాను. తంబాకు, కత్తిరించిన ఆకు, చుట్టిన బీడీలు గుమ్మం నిండా పడ్డాయి. "లే! ఇప్పుడే, ఈ బట్టల మీదనే, లే దవాఖానకు!" అని అరిచాను. వరసలో ఉన్న ఆడవాళ్లంతా పని ఆపి చూశారు. ఎదురింటామె వంగి బీడీలు ఏరడం మొదలుపెట్టింది. అక్క కదల్లేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

"అమ్మ దవాఖానకు పోయినంకనే సచ్చింది," అంది.

"పోకుంటె ఇంక ముందు సచ్చేది!"

"నువ్వు చూపించుకున్నవా?"

రానే వచ్చింది ఆ ప్రశ్న. చుట్టూ అందరూ ఉన్నారు. నేను సైన్సు టీచర్ని.

"చూపించుకున్న," అన్నాను.

"ఎప్పుడు?"

"పోయిన నెల. ఏం లేదన్నరు."

అక్క చేట తీసుకుని మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. "అయితె ఆ కాగితం తే. చూసినంక నేను గూడ వస్త."

ఆ మధ్యాహ్నం బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. ఇంటికి వచ్చి, ఉతికిన బట్టలు మళ్లీ ఉతికాను. మా ఆయన భోజనానికి వస్తే అన్నీ చెప్పాను, అబద్ధం సంగతి, మంగళవారం పరీక్షకు పోవాలనుకున్న సంగతి కూడా. ఎత్తిపొడుస్తాడనుకున్నాను. చేతులు కడుక్కుంటూ, "మంగళవారం నేను వస్త నీతోటి," అన్నాడంతే. అక్కర్లేదన్నాను. ఆయన వస్తే ఏడుస్తానని భయం.

మంగళవారం బడికి సెలవు పెట్టి ఒక్కదాన్నే ఆస్పత్రికి వెళ్లాను. కాగితం కోసం వెళ్తున్నాను, నా కోసం కాదు అని దారంతా చెప్పుకున్నాను. తలుపు ముందు బల్ల మీద నా పేరు పిలిచేదాకా గోడల మీద ఉన్న ప్రతి అక్షరం చదివాను. చదవడానికి ఇంకేం లేక మంటలార్పే డబ్బా మీద రాసింది కూడా చదివాను. లోపల మిషన్ దగ్గర ఉన్న మరాఠీ అమ్మాయి నా భుజం పట్టి నిలబెట్టి, రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి, "శ్వాస్ రోఖా, తాయీ," అంది. ఊపిరి బిగబట్టాను. పదకొండేళ్లుగా బిగబట్టింది అదే కదా అనిపించింది. సాయంత్రం కాగితం ఇచ్చారు. భయపడాల్సింది ఏమీ లేదని రాసి ఉంది. మెట్ల మీద కూర్చుండిపోయాను. నిజం చెప్పాలి. ఆ కాసేపు నాకు అక్క గుర్తు రాలేదు.

బుధవారం బడి అయిపోగానే కుంభారి వెళ్లాను. అక్కకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. కాగితాన్ని వెలుగులోకి తిప్పి పైనుంచి కిందకు చూసింది.

"ఇది నిన్నటి తారీఖు."

కాగితం కోసం చెయ్యి చాచాను, ఆమె ఇవ్వలేదు.

"పోయిన నెల అంటివి."

"అబద్ధం చెప్పిన."

"ఎందుకే?"

"భయమైంది."

"దేనికి?"

"అమ్మకు అయింది నాకు గూడ అయితదని. ఎప్పటిసంది భయమే. చూపించుకుంటె ఉన్నదంటరని పోలే. పొడి తిన్న, నీకు తినిపించిన, గంతే."

చెప్పేవన్నీ శ్రీరంగ నీతులే అని తిడుతుందనుకున్నాను. తిట్టడానికి ఆమెకు హక్కు ఉంది. ఆమె కత్తెర కింద పెట్టి నా వైపు తిరిగి కూర్చుంది. ఆమె మొహంలో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది.

"నేను నువ్వు ధైర్యంగ ఉన్నవనుకుంటి," అంది. "నాకు రోజూ భయమైతుండె. స్నానం చేసేటప్పుడు అది తగిలితె కాళ్లు చల్లబడుతుండె. మా చెల్లె చదువుకున్నది, అది గింత నిమ్మళంగ ఉన్నదంటె ఏం గాదన్నట్టేనని గమ్మున ఉంటి."

వయసు మీద పడ్డ ఇద్దరు ఆడవాళ్లం, అమ్మ కడుపున పుట్టినవాళ్లం, అమ్మలాగే దాచుకున్నవాళ్లం.

"రేపు పోదాం," అంది అక్క.

డాక్టరు మరాఠీ ఆవిడ. అక్క జాకెట్టు విప్పగానే ఆ ఎర్రటి పట్టు చూసి, "హే కాయ్ లావలంయ్?" అని అడిగింది. ఏం పూశావని. పసుపూ సున్నమూ అని చెప్పాను. నర్సు సబ్బు నీళ్లతో తుడిస్తే ఇంకా ఎర్రబడింది. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది, ఏటా ఎనిమిదో తరగతికి పసుపు కాగితం ముంచి చూపిస్తాను. పిల్లలు చప్పట్లు కొడతారు. చివరికి కొబ్బరి నూనెలో దూది ముంచి తుడిచారు. రంగు పోయాక కింద తోలు కనిపించింది. ఒకచోట లోపలికి గుంజుకుపోయి, గుంట పడి ఉంది. ఐదు నెలలు ఆ గుంట పట్టు కింద ఉంది.

తినేవీ తాగేవీ చెప్పమంది డాక్టరు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె పూర్తిగా అడగకముందే నేను పొడి గురించి చెప్పడం మొదలుపెట్టాను. అవిసెల్లో ఏముంది, పసుపులో ఏముంది, మిరియాలు ఎందుకు. నా గొంతు నాకే పాఠం చెబుతున్నట్టు వినిపించింది. ఆవిడ ఓపిగ్గా విన్నది. అది మంచి తిండేనని, ఆకూ గింజలూ తినేవాళ్లకు మేలే జరుగుతుందని అంది. కానీ ఏ గింజా ఎవరికీ హామీ ఇవ్వలేదని, పళ్లెంలో కణాల మీద కనిపించింది మనిషికి ఎంత పనికొస్తుందో ఇంకా వెతుకుతూనే ఉన్నారని, గడ్డ తగిలితే వచ్చి చూపించుకోవడానికి బదులు ఏదీ లేదని చెప్పింది. వైద్యం మొదలైతే పసుపు కూరలో వేసుకున్నంత చాలు, చెంచాలతో వద్దు, మందులతో అది ఏం చేస్తుందో చెప్పలేం అంది. నాకు తెలియనిది ఒక్కటి కూడా చెప్పలేదు. అదే నన్ను కాల్చింది.

ముక్క తీసి పరీక్షకు పంపారు. కాగితం వచ్చేదాకా నేను కాలుగాలిన పిల్లినే. బడిలో వరండాలో తిరిగేదాన్ని, పిల్లలు తరగతిలో ఎదురుచూసేవాళ్లు. నల్లబల్ల మీద సగం రాసి సుద్దముక్క పట్టుకుని బయటికి వచ్చేసేదాన్ని. ఇంట్లో ఉన్న పసుపంతా తీసి అటక మీద పెట్టాను, మళ్లీ దించాను, మళ్లీ పెట్టాను. మా ఆయన చూసి చూసి, "దాని తప్పేమున్నది పాపం," అన్నాడు. దాని తప్పు లేదు. అందుకే అంత కోపం.

క్యాన్సరే అన్నారు. చంకలో ఒక గ్రంథికి పాకింది, అంతకు మించి ఎక్కడా లేదు. ముందు సూది మందులతో గడ్డను కరిగించి, తర్వాత ఆపరేషన్.

"ఐదు నెలల ముందు వచ్చుంటే?" అని అడిగాను.

డాక్టరు కాగితం మీదినుంచి తలెత్తలేదు. "ఆతా ఆలాత్ నా," అంది. ఇప్పుడు వచ్చారు కదా, అని. టీచర్లం మేము కూడా ఫెయిలైన పిల్లవాడి తల్లికి అలాగే జవాబు చెబుతాం.

సూది మందుల రోజుల్లో అక్క పక్కన కుర్చీలో కూర్చునేదాన్ని. కూర్చునేదాన్ని అనకూడదు, లేస్తూ కూర్చుంటూ ఉండేదాన్ని. ఒకరోజు సీసా మీద పేరు చదివి, అది మొదట ఒక చెట్టు బెరడులోంచి తీసిన మందని తెలిసి, ఎగిరి గంతేసినంత పని చేశాను. "అక్కా, ఇది గూడ చెట్టుదే!" అన్నాను.

అక్క కళ్లు మూసుకునే ఉంది. "అయితె గిన్నేండ్లు నువ్వు తప్పు చెట్టు పట్టుకున్నవన్నట్టు," అంది.

పక్క మంచం ఆవిడ కూడా నవ్వింది. నేనూ నవ్వాను, ఆ తర్వాత బయటికి పోయి ఏడ్చాను. బెరడు నానబెట్టి తాగితే రాదు అది. లోపలున్న ఒక్కదాన్ని పట్టుకుని, శుద్ధి చేసి, మనిషి ఎత్తూ బరువూ చూసి కొలిచి, నరంలోకి ఎక్కిస్తే వస్తుంది. ఎక్కించిన ప్రతిసారీ ఏదో ఒకటి తీసుకునే పోతుంది కూడా. జుట్టు పోయింది. తర్వాత వేళ్ల కొసలు మొద్దుబారాయి. బీడీ మొన మడవడానికి గోరంత స్పర్శ కావాలి, అది లేదు. ఒకరోజు చేట ముందు పెట్టుకుని అరగంట ఒకే ఆకుతో అవస్థ పడింది. తర్వాత ఆకును తంబాకులో పడేసి, చేటను ఎదురింటామె వైపు తోసేసింది. అప్పుడు మాత్రం అక్క ఏడ్చింది.

అన్ని నెలలూ నేను పొడి దంచలేదు. ఆదివారాలు ఖాళీ చేతులతోనే వెళ్లేదాన్ని. అడిగినవాళ్లకు తీరిక లేదని చెప్పి తప్పించుకునేదాన్ని. నాకు తీరిక లేదన్న మాటే వాళ్లకు అర్థమైంది, ఇంకేమీ అర్థం కాలేదు. అక్క ఆపరేషన్ కోసం సోమవారం చేరాలి. ముందు రోజు ఆదివారం, నేను వెళ్లేసరికి ఆరేడుగురు ఆడవాళ్లు గుమ్మం ముందు ఉన్నారు. అక్కను చూడడానికి వచ్చారనుకున్నాను. ఒకామె చేతిలో ఖాళీ డబ్బా ఉంది.

"టీచరమ్మా, ఇగనన్న పొడి దంచుండ్రి. అక్కకు అయింది గద, మాకు భయమైతున్నది. ఈపారి పసుపు ఎక్కువెయ్యుండ్రి," అంది.

మిగతావాళ్లు తలలూపారు. అక్క నాగా పెట్టి ఉంటుందని, సరిగ్గా తిని ఉండదని వాళ్ల లెక్క.

నేను అక్కడే నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. తప్పు నాదన్నాను. పొడి తింటే తినండి కానీ అది కాపలా కాయదన్నాను. నలభై దాటితే పరీక్ష అన్నాను, గాజు పళ్లెం అన్నాను, రక్తం అన్నాను. గోడకు చెప్పుకున్నట్టే. వాళ్లు మర్యాదగా విన్నారు. చివర్లో డబ్బా ఆమె, "బరోబరే టీచరమ్మా, గని పొడితోటి నష్టమేం లేదు గద," అంది. నష్టం తలకు గుడ్డ కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. అది వాళ్లకు కనబడలేదు.

అక్క లేచింది. "అందరు లోపటికి రండి," అంది.

లోపల ఒకటే గది. అందరూ వచ్చాక తలుపు వేయించింది. మంచం మీద కూర్చుని జాకెట్టు గుండీలు తీయబోతే వేళ్లు పట్టలేదు, నేను తీశాను.

"రేపు తీసుకపోతరు దీన్ని," అంది అక్క. "సగం కరిగింది, సగం ఉన్నది. తీసేసేలోపట పట్టి చూడుండ్రి, ఎట్లుంటదో తెలుస్తది. నాకు ఎవరు చూపియ్యలే." తర్వాత నా మణికట్టు పట్టుకుంది. "ముందు నువ్వు. గిన్ని నెలలు నా ఎంబడి తిరుగుతున్నవ్, ఒక్కసారన్న పట్టి చూసినవా?"

చూడలేదు. అన్ని కాగితాలూ చదివాను, అన్ని సీసాలూ చదివాను. చెయ్యి మాత్రం పెట్టలేదు. ఆమె నా వేళ్లను తీసుకెళ్లి పెట్టింది. వెచ్చటి ఒళ్లు, అందులో చింతగింజ లాంటి గట్టిదనం. నొక్కితే జరగదు, నొప్పి కూడా లేదు. చేట ఒత్తిన చోటు కానే కాదు, దానికి బెత్తెడు పైన ఉంది. ఐదు నెలలు నేను దాని ఎదురుగా కూర్చుని చాయ్ తాగాను.

నా తర్వాత ఒక్కొక్కరు వచ్చారు. మొదటి ఇద్దరు వేలి కొసతో తాకి చెయ్యి తీసేశారు. "గట్ల గాదు, మూడు వేళ్లు పెట్టి, మెల్లగ," అని అక్క మళ్లీ పెట్టించింది. డబ్బా ఆమె డబ్బాను కింద పెట్టి వచ్చింది. కళ్లు మూసుకుని, చాలాసేపు, బియ్యంలో రాయి వెతికినట్టు వెతికింది. ఇన్నేళ్ల టీచరు పనిలో నేను ఇంత శ్రద్ధగా విన్న తరగతిని చూడలేదు.

ఎదురింటామె చివరికి వచ్చింది. అక్క గడ్డ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. నొక్కింది, మళ్లీ నొక్కింది. తర్వాత చెయ్యి తీసుకుని, గోడవైపు తిరిగి, కొంగు కింద తన జాకెట్టులో పెట్టుకుంది. మా అందరికీ ఆమె వీపు మాత్రం కనిపిస్తోంది. ఆ వీపు కదలడం లేదు.

కాసేపటికి ఆమె తిరిగి, నా వైపు కాదు, అక్క వైపు చూసి అడిగింది.

"రేపు మీరు ఎన్ని గంటల బస్సుకు పోతున్నరు?"

"ఆరున్నరకు," అంది అక్క. "మేం పిలుస్తం, తయారుగుండు."